ఫిషర్‌కి జాత్యాది తైలం, ఇసబ్‌గోల్: పద్నాలుగు నెలలు వాడాక

ఫిషర్ అంటే మలద్వారం దగ్గర చర్మం చీలడం. ఈ నొప్పి గురించి ఇంట్లో చెప్పడానికే నాకు ఇరవై రోజులు పట్టింది. నాలాగే చెప్పుకోలేక లోపల్లోపల బాధపడుతున్న ఆడవాళ్ల కోసం ఏదీ దాచకుండా రాస్తున్నాను.

ఖమ్మం దగ్గర ఒక పల్లె బడిలో టీచర్‌ని. పొద్దున ఏడున్నరకి బస్సెక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి సాయంత్రం ఐదున్నర. బడిలో బాత్రూమ్‌కి వెళ్లే వీలుండదని నీళ్లు తాగడమే మానేశాం మేమంతా. అలా మలబద్ధకం ముదిరి, 2023 డిసెంబర్‌లో ఒకరోజు గాజుపెంకుతో కోసినట్టయింది. ఎర్రటి రక్తం నాలుగు చుక్కలు పడింది. అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. రెండు గంటలపాటు మంట, బిగుతు. ఆ వారమంతా కుర్చీలో కూర్చోలేక నిలబడే పాఠాలు చెప్పాను.

మొలలేమో అనుకుని, తెలిసినవాళ్లు చెప్పిన చూర్ణం ఒకటి తెచ్చుకున్నాను. అందులో సునాముఖి ఎక్కువ. కడుపు మెలిపెట్టి నీళ్ల విరేచనాలయ్యాయి, చీలిక ఇంకా పచ్చిపుండైంది. గట్టిగా అయినా, నీళ్లలా అయినా ఆ చోటికి చేటేనని అప్పుడు తెలిసింది.

చివరికి సర్జన్‌కి చూపించుకున్నాను. అవి మొలలు కావు, ఫిషర్ అన్నారావిడ. చర్మం చీలితే లోపలి కండరం బిగుసుకుంటుంది, బిగుసుకుంటే అక్కడికి రక్తం సరిగా అందదు, రక్తం అందకపోతే చీలిక మానదు. ఇదంతా కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. సగం భయం అక్కడే పోయింది. కొత్త చీలికే కాబట్టి మలం మెత్తబడితే మానే అవకాశం ఎక్కువన్నారు. గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చోమన్నారు, పీచు తినమన్నారు. ఆవిడకి చెప్పి, ఆయుర్వేద డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లాను. ఆయుర్వేదంలో దీన్ని పరికర్తిక అంటారు, కత్తెరతో కోసినట్టుండే నొప్పి అని. ఆయన పైపూతకి జాత్యాది తైలం, రాత్రిపూట ఇసబ్‌గోల్ (నీళ్లలో ఉబ్బే ఒక రకం గింజల పొట్టు, పీచు) రాశారు.

జాత్యాది తైలాన్ని జాజి ఆకు, వేపాకు, కానుగ, పసుపు, అతిమధురం లాంటివి నూనెలో కాచి చేస్తారు. మైలుతుత్తం (కడుపులోకి వెళ్తే విషమయ్యే రాగి లవణం) కూడా పడుతుంది కాబట్టి పొరపాటున కూడా కడుపులోకి తీసుకోకూడదు. నేను టబ్బులో పది నిమిషాలు కూర్చుని, మెత్తని బట్టతో అద్దుకుని, గోరు కత్తిరించిన వేలితో మూడు చుక్కలు రాసుకునేదాన్ని. మొదటిసారి చురుక్కుమంది, కాసేపటికి మంట సర్దుకుంది. రెండుపూటలా రాస్తే పది రోజుల్లో రెండు గంటల నొప్పి అరగంటకి తగ్గింది. బట్టలకి నూనె మరక పడితే మాత్రం వదలదు, పాత నూలు గుడ్డ ముక్క పెట్టుకోవాల్సిందే.

ఇసబ్‌గోల్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. రెండు చెంచాలు గ్లాసు నీళ్లలో వేసి తిప్పి వెంటనే తాగేయాలి. ఫోన్ వచ్చిందని పక్కన పెడితే సగ్గుబియ్యం జావలా చిక్కబడిపోతుంది, గొంతు దిగదు. ఆ పైన ఇంకో గ్లాసు నీళ్లు తప్పనిసరి. ఒకరోజు బద్ధకించి సగం గ్లాసుతో సరిపెట్టాను, మర్నాడు ఇంకా గట్టిగా అయింది. మొదటి వారం కడుపుబ్బరం ఉంది, తర్వాత అలవాటైంది. వేరే మాత్రలు వాడేవాళ్లు వాటికీ దీనికీ రెండు గంటలు ఎడం పెట్టుకోవాలి.

ఐదు వారాలకి రక్తం ఆగింది. నయం చేసింది తైలమా, ఇసబ్‌గోలా అని నన్ను చాలామంది అడిగారు. మార్చిలో తైలం అయిపోయి రెండు వారాలు రాయలేదు, ఏమీ కాలేదు. ఏప్రిల్లో పెళ్లికి ఊరెళ్లి ఐదు రోజులు ఇసబ్‌గోల్ మానేశాను. తైలం రాస్తూనే ఉన్నా నొప్పి తిరిగొచ్చింది. కాబట్టి నా లెక్కలో తైలం మంటకి ఉపశమనం, మాన్పింది మాత్రం మెత్తని విరేచనం.

2024 మే 13న పోలింగ్. ముందురోజు నుంచే ఎలక్షన్ డ్యూటీ, నీళ్లు తాగలేదు, నిద్ర లేదు, టెన్షన్. ఇంటికొచ్చాక మళ్లీ చీలింది. ఈసారి నెలన్నర తైలం రాసినా మానలేదు. పట్టుదలకి పోకుండా సర్జన్ దగ్గరికి మళ్లీ వెళ్లాను. కండరం వదులయ్యే డిల్టియాజెమ్ పూతమందు ఇచ్చారు, ఆరు వారాల్లో మానింది. అప్పటికీ మానకపోతే చిన్న ఆపరేషన్ ఉందన్నారు, నాకు ఆ అవసరం రాలేదు. చివర చిన్న చర్మపు తోక మిగిలింది. నొప్పి లేదు, దాన్ని అలా వదిలేయమన్నారు.

పాత చీలికకి తైలం ఒక్కదాన్నే నమ్ముకుని నెలలు గడపమని నేనెవరికీ చెప్పను. రక్తం ఎక్కువగా పోతున్నా, మలం నల్లగా వస్తున్నా, జ్వరం, చీము ఉన్నా, బరువు తగ్గుతున్నా ముందు డాక్టర్‌కి చూపించుకోవాలి. గర్భిణులు అడక్కుండా ఏదీ వాడొద్దు.

ఇప్పుడు, 2025 ఫిబ్రవరిలో, తైలం సీసా అలమరలో ఉంది, ఎప్పుడైనా మంటగా అనిపిస్తే రాస్తాను. ఇసబ్‌గోల్ మాత్రం రోజూ ఒక చెంచా. ఆవకాయ తగ్గించాను, రాత్రి జొన్నరొట్టె, తోటకూర. బడికి పెద్ద నీళ్ల సీసా తీసుకెళ్తున్నాను. బాత్రూమ్‌కి బడి పక్కింటి అమ్మని అడిగాను, ఎప్పుడైనా రా తల్లీ అంది. నా క్లాసు ఆడపిల్లలు కూడా నీళ్లు తాగట్లేదని గమనించాను. పదకొండు గంటలకి వాళ్ల చేత తాగించి, వెళ్లాలన్నవాళ్లని ఇద్దరిద్దరిగా ఆ ఇంటికే పంపిస్తున్నాను.