డబుల్ ఎలక్ట్రిక్ బ్రెస్ట్ పంపు: ఆ చిన్న వాల్వు గురించి ముందే చెప్పాల్సింది

మోడ్‌లెన్ని, చార్జింగ్ ఎంతసేపు వస్తుంది అన్నవన్నీ డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. పాప ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) ఉన్నన్నాళ్లూ, ఇంటికొచ్చాక ఇంకొన్ని నెలలూ రొమ్ముపాలు తీసే ఈ పంపు వాడాను. నాకు చెప్పాలనున్నది ఇందులో ఉండే ఒక వాల్వు గురించి. బాతు ముక్కులా ఉండే చిన్న తెల్లటి సిలికాన్ ముక్క. దాని మీద నా కోపం ఇప్పటికీ తీరలేదు.

ముందు మంచి చెప్తాను. కాన్పు అంత ముందుగా వస్తుందని ఎవరం అనుకోలేదు. పాపను సరిగ్గా చూసుకునేలోపే లోపలికి తీసుకెళ్లిపోయారు. సుమారు 34 వారాలు వచ్చేదాకా పీల్చడం, మింగడం, ఊపిరి తీసుకోవడం ఒక వరసలో కుదరవట, అందుకే పాలు ట్యూబుతోనే పట్టేవారు. మొదటి రోజుల్లో పంపు అంతగా అక్కరకు రాలేదు. ముర్రుపాలు చుక్కలుగా వస్తాయి, రొమ్ముకు ఆనించే పంపు కప్పు గోడలకే అంటుకుపోతాయి. చేత్తో పిండి సిరంజిలోకి తీసుకోవడమే మేలు. పాలు బాగా పడ్డాక మాత్రం పంపు విలువ తెలిసింది. రెండు పక్కలా ఒకేసారి లాగుతుంది కాబట్టి సగం సమయంలో పని అయిపోయేది. రోజుకు ఎనిమిదిసార్లకు తగ్గకుండా, అర్ధరాత్రి దాటాక ఒక్కసారైనా తీయమన్నారు, పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోను రాత్రిపూటే ఎక్కువగా ఉంటుందని. మందులు, ఆక్సిజన్, మానిటర్లు అన్నీ వాళ్లే చూసుకుంటారు. నా చేతిలో ఉన్నది ఇదొక్కటే. నెలలు నిండని పిల్లల్లో పేగులు దెబ్బతినే ఎన్‌ఈసీ ముప్పు తల్లిపాలతో తగ్గుతుందని డాక్టరుగారు చెప్పాక, సీసా మీద పేరు, తేదీ, టైము రాసి అతికించేటప్పుడు కూడా ఒకటికి రెండుసార్లు సరిచూసుకునేదాన్ని.

అంతా ఓ దారిన పడింది అనుకునేసరికి ఎడమవైపు సీసాలో పాలు తగ్గడం మొదలైంది. ముందు కొంచెం, తర్వాత సగానికి. కొన్నాళ్లకు కుడివైపూ అంతే. మోటారు చప్పుడు మారలేదు, లాగుతున్నట్టే ఉంది. దాంతో తప్పు నా ఒంటిదే అనుకున్నారు అందరూ. "టెన్షన్ పడకమ్మా, నువ్వు స్థిమితంగా ఉంటే పాలు అవే వస్తాయి" అనేవారు. ఆ మాట విన్నకొద్దీ గుండె దడ పెరిగేది. పైగా అప్పుడే పాపకు ఫీడు పెంచారు. చాలకపోతే వేరే పాలు కలపాలేమో అన్నారు. కూర్చుని ఏడ్చాను.

రాత్రి డ్యూటీ సిస్టర్ ఒకామె పంపు విడిభాగాలన్నీ తెమ్మంది. వాల్వు తీసి లైటు కింద పట్టుకుని రెండు వేళ్లతో అటూ ఇటూ నొక్కింది. పంపు లాగినప్పుడు మూసుకోవాల్సిన చీలిక మూసుకోలేదు, అందుకే ఆ లాగుడు రొమ్ము దాకా సరిగా అందట్లేదు. మూల దగ్గర వెంట్రుకంత చిరుగు. రెండో దానిదీ అదే వరస. "పాలు పోలేదమ్మా, ఇవి పోయాయి" అంది. కొత్తవి వేసిన మొదటిసారే తేడా కనిపించింది. కానీ అన్నాళ్లూ రొమ్ము పూర్తిగా ఖాళీ కాకపోవడంతో నిజంగానే ఉత్పత్తి తగ్గిపోయింది. మళ్లీ మునుపటిలా రావడానికి రాత్రీ పగలూ తీస్తూ కూర్చోవాల్సి వచ్చింది.

నా కోపమల్లా ఇక్కడే. రోజంతా వాడేవాళ్లకు నెలా రెండు నెలల్లో అరిగిపోయే భాగం ఇది. ఆ సంగతి డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉండాలి. పుస్తకం చివర, వారంటీ షరతుల పక్కన, సన్నటి అక్షరాల్లో ఉంది. బ్రష్షు పెట్టి రుద్దితే చీలిక చిరుగుతుందని కూడా సిస్టరే చెప్పింది. సబ్బునీళ్లలో వేళ్లతో మెల్లగా కడిగితే చాలట.

సగం సమయం అన్నాను కదా, అది పాలు తీయడం వరకే. కడిగి, మరిగించి, ఆరబెట్టి, మళ్లీ బిగించేసరికి మిగిలిందంతా దానికే పోతుంది. ఇంకో సంగతి, నాకు అన్నింటికన్నా ఎక్కువ పాలు వచ్చింది పాపను గుండెల మీద వేసుకుని కంగారూ కేర్ ఇచ్చిన వెంటనే తీసినప్పుడు. ఆ గొప్ప పంపుది కాదు.

అందరూ కొనాల్సిందేనా అంటే చెప్పలేను. మేం లోపల చాలాకాలం ఉన్నాం, నేరుగా పట్టే వీలు లేదు, కాబట్టి నాకు తప్పలేదు. కొద్దిరోజుల్లో ఇంటికెళ్లే బిడ్డయితే చేత్తో తీయడమో, వార్డులో పంపు ఉంటే అదో సరిపోవచ్చు. కొనేవాళ్లు అదనంగా రెండు జతల వాల్వులు కూడా అప్పుడే తెప్పించుకోండి. కప్పు సైజు మాత్రం నాకు కుదిరిందే మీకూ కుదురుతుందనుకోవద్దు, నొప్పి పుడితే కొలత మార్చి చూడండి. పాలు తగ్గడానికి వేరే కారణాలూ ఉంటాయి. అవి డాక్టరును అడగండి, కానీ వెళ్లేముందు ఆ వాల్వు ఒకసారి విప్పి లైటు కింద పట్టి చూడండి.