స్కూల్ సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ల తరబడి వాడాక: పిల్లల వివరాలకు అది ఎంతవరకు రక్షణ?

కాగితం రిజిస్టర్లు పక్కన పెట్టి మా బడి ఒక స్కూల్ సాఫ్ట్‌వేర్‌కి మారి చాలా ఏళ్లయింది. మొదట్లో క్లాస్ టీచర్‌గా వాడాను, తర్వాత అడ్మిన్ బాధ్యత కూడా నాకే వచ్చింది. హాజరు వేయడం, మార్కులు ఎక్కించడం, తల్లిదండ్రులకు మెసేజ్ పంపడం సాఫీగానే సాగుతాయి కాబట్టి వాటి జోలికి పోను. పిల్లల సొంత వివరాలను ఇది ఎంతవరకు కాపాడుతుందన్నదే ఇక్కడ నేను చూసేది.

ముందు బాగున్న సంగతి. ఎవరి పనికి ఎంత కావాలో అంతే కనిపించే ఏర్పాటు ఇందులో గట్టిగా ఉంది. క్లాస్ టీచర్‌కి తన తరగతి పిల్లలే కనిపిస్తారు. కౌన్సెలర్ రాసుకున్న నోట్సు కౌన్సెలర్‌కి, ప్రిన్సిపాల్‌కి తప్ప తెరుచుకోవు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆరోగ్య వివరాల అమరిక. ఉబ్బసం ఉన్న పిల్లవాడి పేరు పక్కన ఆటల మాస్టారికి ఒక చిన్న హెచ్చరిక వస్తుంది: పరుగు పెట్టించేటప్పుడు జాగ్రత్త, ఇన్‌హేలర్ బ్యాగులో ఉంది అని. డాక్టరు రిపోర్టు మాత్రం ఆయనకు కనిపించదు. ఆయనకు దాని అవసరమూ లేదు. పిల్లవాడి ప్రాణానికి కావాల్సింది చేరాల్సిన చోటికి చేరింది, మిగతాది గుట్టుగానే ఉంది. ఏ బడి అయినా ఇలాగే చేయాలి.

ఎవరు ఎప్పుడు ఏ పిల్లవాడి పేజీ తెరిచారో చెప్పే లాగ్ కూడా ఉంది. తల్లిదండ్రులు విడిపోయి, ఒకరి చిరునామా ఇంకొకరికి తెలియకూడదని కోర్టు చెప్పిన కుటుంబాలు ఉంటాయి. అలాంటి పిల్లల పేజీని సంబంధం లేని లాగిన్‌తో ఎవరైనా తెరిస్తే వెంటనే తెలుస్తుంది. మేం నెలకోసారి ఆ లాగ్ చూస్తాం. లాగ్ ఉంటే చాలదు, దాన్ని చూసే మనిషి ఉండాలి. ఆ పని ఎవరిదో పేరు పెట్టి అప్పగించని బడిలో అది ఉన్నా లేనట్టే.

ఇక అసలు లోపం. ఇన్ని అనుమతులూ, ఇన్ని తాళాలూ డౌన్‌లోడ్ బటన్ దగ్గర ఆగిపోతాయి. విహారయాత్రకు బస్సు జాబితా కావాలి. అందులో ఉండాల్సింది పేరు, అత్యవసరానికి ఒక ఫోన్ నంబరు. బటన్ నొక్కితే వచ్చే ఎక్సెల్ షీట్‌లో పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, తల్లిదండ్రుల ఉద్యోగాలు, ఆరోగ్య సమస్యలు అన్నీ ఉంటాయి. ఆ షీట్ ఒక్కసారి ఎవరి ఫోన్లోకైనా వెళ్లిందంటే, అక్కడి నుంచి వాట్సాప్ గ్రూపులోకి చేరడానికి ఎంతోసేపు పట్టదు. అప్పుడు లాగ్ ఉండదు, అనుమతి ఉండదు, వెనక్కి తీసుకునే దారీ ఉండదు. ఎన్నోసార్లు ఉత్తరాలు రాశాక కంపెనీ వాళ్లు ఎవరు ఏ కాలమ్‌లు దించుకోవచ్చో మేమే నిర్ణయించే వీలు ఇచ్చారు. కానీ కొత్తగా కొనే బడికి ఇప్పటికీ అన్నీ తెరిచే ఇస్తున్నారు. మొదట అన్నీ మూసి ఇచ్చి, అవసరమైనవి బడి తెరుచుకునేలా ఉండాలి. ఈ ఒక్క విషయంలో నాకు వాళ్ల మీద ఇంకా కోపం ఉంది.

అడ్మిషన్ ఫారం కూడా అంతే. ఎక్కడెక్కడి బళ్లు అడిగినవో అన్నీ కలిపి దానిలో గడులు పెట్టేశారు. మేం కూర్చుని ఒక్కో గడికి ఒకే ప్రశ్న వేసుకున్నాం: ఈ వివరాన్ని ఎవరు తెరుస్తారు, ఏ పనికి? జవాబు దొరకనివన్నీ తీసేశాం. తల్లిదండ్రుల ఆదాయం పోయింది, అన్నదమ్ముల చదువుల వివరాలు పోయాయి. వాటి వల్ల ఇంతవరకు ఏ పనీ ఆగలేదు. మన దగ్గర లేని వివరాన్ని ఎవరూ దొంగిలించలేరు కదా.

పాస్‌వర్డ్‌ల సంగతి క్లుప్తంగా. అడ్మిన్ లాగిన్‌కి ఓటీపీ తప్పనిసరి, టీచర్లకు ఐచ్ఛికం. అందరికీ తప్పనిసరి చేయాల్సింది. ఉద్యోగం మానేసిన వారి లాగిన్ దానంతట అది మూసుకోదు, ఆఖరి పనిరోజునే చేత్తో మూయాలి.

ముఖం చూసి హాజరు వేసే కెమెరా కూడా పెట్టుకోమని కంపెనీ వాళ్లు అడిగారు. వద్దన్నాం. స్వీడన్‌లో ఒక హైస్కూలు 22 మంది విద్యార్థులతో ఇలాంటి ప్రయోగం చేస్తే, 2019లో అక్కడి డేటా రక్షణ సంస్థ 2 లక్షల క్రోనాల జరిమానా వేసింది. విద్యార్థుల సమ్మతి తీసుకున్నామని చెప్పినా ఒప్పుకోలేదు. బడి మీద ఆధారపడిన విద్యార్థి ఇచ్చే సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినది కాదంది. నాకు అది న్యాయంగానే తోచింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, ముఖం మార్చుకోలేరు. పేర్లు పిలిచి హాజరు వేయడానికి పట్టేది కొన్ని నిమిషాలే, పైగా ఆ కాసేపట్లో పిల్లల మొహాల్లోకి చూసే వీలు టీచర్‌కి దొరుకుతుంది.

అన్నిటికన్నా బరువైన ఫిర్యాదు తొలగింపు గురించి. చదువు ముగించి వెళ్లిన పిల్లల పేజీలను ఆర్కైవ్ చేయవచ్చు, అంటే కంటికి కనపడకుండా దాచడమే. లోపల అన్నీ అలాగే ఉంటాయి. ఇదెంత ప్రమాదమో 2024 డిసెంబరులో పవర్‌స్కూల్ మీద జరిగిన దాడి చూపించింది. ఉత్తర అమెరికాలో లెక్కలేనన్ని బళ్లు వాడే వ్యవస్థ అది. దొంగిలించిన లాగిన్‌తో సపోర్ట్ పోర్టల్లోకి చొరబడి విద్యార్థుల, టీచర్ల వివరాలు ఎత్తుకెళ్లారు. టొరంటోలో 1985 నాటి నుంచి చదివినవాళ్ల వివరాలు కూడా అందులో ఉన్నాయి. ఎప్పుడో బడి వదిలి, ఇప్పుడు తమ పిల్లల్ని బడికి పంపుతున్నవాళ్ల వివరాలు అన్నేళ్లు ఎందుకు దాచినట్టు? కంపెనీ దొంగలకు డబ్బు కట్టింది, అయినా 2025లో బళ్లకు మళ్లీ బెదిరింపులు వచ్చాయి.

చదివిన సంవత్సరాలు, మార్కులు, సర్టిఫికెట్లు ఎప్పటికైనా అవసరం పడతాయి, వాటిని ఉంచాల్సిందే. ఆరోగ్య నోట్సు, క్రమశిక్షణ నోట్సు, ఫొటోలు, తల్లిదండ్రుల నంబర్లు పిల్లవాడు బడి వదిలాక ఉండాల్సిన పని లేదు. పన్నెండేళ్ల వయసులో చేసిన అల్లరి ముప్పై ఏళ్ల మనిషి పేరు పక్కన ఎందుకు ఉండాలి?

ఐదుకి మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. అనుమతుల ఏర్పాటు, లాగ్ లేకపోతే రెండే ఇచ్చేదాన్ని. ఒప్పందం పొడిగించే సమయం దగ్గరికొచ్చింది. బ్యాకప్‌లతో సహా పాత వివరాలను ఎన్ని రోజుల్లో పూర్తిగా చెరిపేస్తారో రాసిమ్మని అడిగాం. రాతపూర్వకంగా జవాబు రాకపోతే వేరే సాఫ్ట్‌వేర్‌కి మారతాం.