రఫ్: లెక్కల లైబ్రరీకి మంచి జల్లెడే, తేమ మీటరు మాత్రం కాదు

కాకతీయ కాలువ ప్రవాహాన్ని లెక్కగట్టే పైథాన్ లైబ్రరీ ఒకటి ఉందనుకోండి. రాసింది ఐదుగురు విద్యార్థులు, అందులో ముగ్గురు చదువైపోయి వెళ్లిపోయారు. కాజీపేటలోనైనా హనుమకొండలోనైనా ల్యాబ్ కోడ్ చాలామటుకు ఇట్లాగే చేతులు మారుతుంది. దాన్ని చక్కబెట్టడానికి, పైథాన్ కోడ్‌ను నడపకుండానే చదివి తప్పులు పట్టే రఫ్ పనికొస్తుంది, కాకపోతే సెట్టింగులు ముట్టుకోకుండా వాడితే సగం లాభమే. వేగం గురించి చెప్పేదేం లేదు: రస్ట్ భాషలో రాసింది, వందల ఫైళ్లున్నా చిటికెలో అయిపోతుంది. ఉచితం కూడా.

అసలు సరుకు నంపై (పైథాన్‌లో అంకెల పట్టికలతో లెక్కలు చేసే లైబ్రరీ) నియమాల్లో ఉంది. సెట్టింగులుండే పైప్రాజెక్ట్ ఫైల్లో (pyproject.toml) 'ఎన్‌పీవై' (NPY) అని మీరే చేర్చుకోవాలి. 2024 జూన్‌లో వచ్చిన నంపై 2.0 ఎన్నో పాత పేర్లను తీసేసింది. ఎన్‌పీవై201 నియమం అవి ఎక్కడున్నా చూపిస్తుంది. అయితే చెప్పిందల్లా మార్చేయకండి. వక్రరేఖ కింది వైశాల్యం లెక్కగట్టే 'ట్రాప్జ్' బదులు 'ట్రాపెజాయిడ్' వాడమంటుంది, ఆ పేరు నంపై 1.26లో లేనే లేదు. ల్యాబ్ సర్వర్‌లో పాత నంపై ఉంటే కోడ్ అక్కడే ఆగుతుంది.

ఎన్‌పీవై002తో ఇంకో తిరకాసు. యాదృచ్ఛిక అంకెలకు మొదలిచ్చే పాత రాండమ్ సీడ్ మాని 'డిఫాల్ట్ ఆర్‌ఎన్‌జీ'కి మారమంటుంది. సలహా మంచిదే, కానీ లోపల అంకెలు పుట్టించే పద్ధతి మెర్సెన్ ట్విస్టర్ పోయి పీసీజీ64 వస్తుంది. అదే సీడ్ ఇచ్చినా అంకెలు వేరే పడతాయి, దాచుకున్న ఫలితాలతో పోల్చే టెస్టులు ఫెయిలవుతాయి. ఈ మార్పు ఒక్కటే ఒక కమిట్‌లో (ఒకేసారి భద్రపరిచే మార్పుల కట్ట) పెట్టి, కొత్త ఫలితాలను చేత్తో సరిచూసుకోండి.

కోడ్ అమరికను సరిచేసే రఫ్ ఫార్మాటర్‌కు మాత్రం మార్కులు తక్కువ. నిలువు వరుసలు కలిసేలా పేర్చుకున్న మాత్రికలో ఖాళీలన్నీ పీకేస్తుంది. వరుస పొడవు 88 అక్షరాలు దాటితే అంకెకో లైను చేసి పెడుతుంది. అలాంటి చోట ఫార్మాటర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టే 'ఎఫ్‌ఎంటీ ఆఫ్', 'ఎఫ్‌ఎంటీ ఆన్' కామెంట్లు తప్పవు. పేర్ల నియమాలు ఆన్ చేస్తే ఫంక్షన్ లోపల పెద్దక్షరం వేరియబుల్‌ను ఎన్806 నియమం తప్పుపడుతుంది. సమీకరణంలో ఉన్న పేరే కోడ్‌లో ఉండాలి కదా, దాన్ని ఆపేయడమే మేలు.

పాత కోడ్ మీద మొదటిసారి నడిపితే వేలల్లో హెచ్చరికలు కురుస్తాయి. 'యాడ్ నోక్యూఏ' ఆప్షన్‌తో ఉన్నవాటి నోరు మూయించి, కొత్త తప్పులను మాత్రం రానివ్వకండి. పాతవి ఒక్కో మాడ్యూల్ చొప్పున తీసేయొచ్చు.

ఎనుమాముల మార్కెట్‌లో పత్తి ఎంత తెల్లగా ఉన్నా తేమ చూశాకే ధర. రఫ్‌కు అంకెల తేమ తెలియదు. ఫ్లోట్32లో (32 బిట్ల దశాంశ సంఖ్యల్లో) కచ్చితత్వం పోయినా, యూనిట్లు కలగలిసినా కిమ్మనదు. అది టెస్టుల పని. అక్కడ రెండు ఫలితాలు దగ్గరగా ఉన్నాయా అని చూసే నంపై 'అసర్ట్ ఆల్‌క్లోజ్'లో సాపేక్ష హద్దు మామూలుగా 1e-7, నిరపేక్ష హద్దు సున్నా. సున్నా రావాల్సిన చోట 1e-17 వచ్చినా ఫెయిలే, కాబట్టి 'ఎటాల్' (నిరపేక్ష హద్దు) మీరే ఇవ్వాలి. ఫ్లోట్32కైతే దాని కచ్చితత్వమే సుమారు 1.2e-7 దగ్గర ఆగిపోతుంది, కాబట్టి 'ఆర్‌టాల్'ను (సాపేక్ష హద్దు) 1e-5 దగ్గరికి సడలించుకోండి.