కోర్టు దగ్గర క్రిమినల్ లాయర్ గారి ఆఫీసు, 4/5

పేరు రాయట్లేదండి, లాయర్లు యాడ్స్ వేసుకోకూడదని బార్ కౌన్సిల్ రూలు ఉంది, మళ్లీ నా వల్ల ఆయనకెందుకు తలనొప్పి. విశాఖలో ఇలాంటి అవసరం పడ్డవాళ్లకి లాయర్ దగ్గర ఏం చూసుకోవాలో తెలుస్తుందని రాస్తున్నా.

మా మేనల్లుడు గాజువాకలో సెల్ రిపేర్ షాపులో చేస్తాడు. ఎవడో అమ్మిన సెకండ్ హ్యాండ్ ఫోను దొంగ ఫోనని తేలి పొద్దున్నే స్టేషన్‌కి తీసుకుపోయారు, ఏ స్టేషనో ఇక్కడ అనవసరం. సాయంత్రం దాకా బెంచీ మీదే. అరెస్టు అనరు, ఇంటికి పొమ్మనరు, ఏటండీ అంటే ఎంక్వైరీ అంటారు. ఈలోపు మా వీధి వాట్సాప్ గ్రూపోళ్లు మాత్రం వాడికి తీర్పు కూడా ఇచ్చేశారు.

ఈ లాయర్ గారు "వాడు చేశాడా?" అని అడగలేదు, అదే నాకు బాగా నచ్చింది. "ఎన్నింటికి తీసుకెళ్లారు?" అని అడిగి టైము కాగితం మీద రాసుకున్నారు, ఎందుకంటే అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టి తీరాలి. స్టేషన్‌కి వచ్చి అరవలేదు, వంగి దండాలూ పెట్టలేదు. "ఎస్సై గారూ, అరెస్టైతే కారణాలు రాసివ్వండి, కాకపోతే నోటీసిచ్చి పంపెయ్యండి" అన్నారు, అంతే. దొంగసొత్తు కొన్నాడనే ఈ కేసుకి శిక్ష మూడేళ్ల దాకానేనట, ఏడేళ్ల వరకు శిక్ష పడే కేసుల్లో అవసరం లేకుండా అరెస్టులు చెయ్యొద్దని 2014లోనే అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నోటీసంటే అరెస్టు చెయ్యకుండా, పిలిచినప్పుడు విచారణకి రమ్మని ఇచ్చే కాగితం. అందరూ 41ఏ నోటీసు అంటారే, అదే 2024 జూలై నుంచి పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో 35(3). పోలీసులు కాసేపు గొణుక్కుని, స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ చేత నోటీసు ప్రింట్ తీయించి, రాత్రికి పంపించేశారు.

కుర్రాడికి చెప్పిన మాటలు కూడా పనికొచ్చేవే. తెల్లకాగితం మీద సంతకం పెట్టకు, ఒప్పేసుకుంటే వదిలేస్తాం అంటే నమ్మకు అన్నారు. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా చెల్లదంట గానీ, ఆ మాట మీద ఏదైనా వస్తువు దొరికితే ఆ ముక్క వరకు చెల్లుతుందంట, అందుకే నోరు జాగ్రత్త. మా అక్క వాణ్ణి కొన్నాళ్లు విజయనగరం చుట్టాలింటికి పంపేద్దామంటే గట్టిగా కసిరారు, నోటీసు వచ్చాక పిలిచినప్పుడల్లా వెళ్లాలి, ఎగ్గొడితే అప్పుడు నిజంగానే అరెస్టు చేస్తారని. నేరం నిరూపించాల్సింది పోలీసులే అయినా షాపు రిజిస్టరు, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ అన్నీ పోకుండా భద్రంగా పెట్టించారు.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే ఫీజు ముందే మొత్తం అడుగుతారు, రసీదు ఇవ్వరు, గుమస్తా అయితే మనం అప్పుకొచ్చినట్టు చూస్తాడు. కోర్టు టైములో ఫోనెత్తరు, సాయంత్రం ఆరు దాటాక వెళ్లండి.

డబ్బుకి ఇబ్బందైతే 15100కి ఫోన్ చేసి లీగల్ ఎయిడ్ లాయర్ని అడగమని ఆయనే చెప్పారు. కస్టడీలో ఉన్నోళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఫ్రీయే.