సీక్వెన్సింగ్‌కి పూర్తి మార్కులు, టైపింగ్‌కి సగం

గొర్రెల వైరస్‌ల సీక్వెన్సింగ్ (జన్యు అక్షరాలు చదవడం), టైపింగ్ (వైరస్ ఏ రకమో తేల్చడం) చేసిపెట్టే ఒక సర్వీసుకి రెండు విడతలు శాంపిళ్లు పంపాను. పేరు చెప్పను, పని గురించే చెప్తాను. ఐదుకి మూడు స్టార్లు.

మొదటి విడత నీలి నాలుక వ్యాధివి. ఈ వైరస్ జీనోమ్ 10 ఆర్ఎన్ఏ ముక్కలు. సీరోటైప్‌ని, అంటే యాంటీబాడీలు గుర్తుపట్టే రకాన్ని, ప్రధానంగా తేల్చేది రెండో ముక్క, అంటే విపి2 ప్రోటీన్ ఉండేది. వీళ్లు మాత్రం పదో ముక్క చదివి, బ్లాస్ట్‌లో (సీక్వెన్స్‌ని డేటాబేస్‌తో పోల్చే సాధనం) పైన కనబడ్డ దాని సీరోటైప్‌నే రిపోర్టులో రాసేశారు! ఒకే గొర్రెలో రెండు స్ట్రెయిన్‌లు కలిస్తే ముక్కలు అటూ ఇటూ మారిపోతాయి కదా, పదో ముక్క చూసి సీరోటైప్ ఎలా చెప్తారు? మెయిల్ పెడితే రెండో ముక్క మళ్లీ చేసి ఇచ్చారు, అది వేరే సీరోటైప్ అని తేలింది. అదనపు డబ్బు అడగలేదు, అది మెచ్చుకోవాలి.

రెండో విడత మేడి-విస్నా (గొర్రెల ఊపిరితిత్తుల్ని, మెదడుని నెమ్మదిగా దెబ్బతీసే వైరస్ జబ్బు) అనుమానం ఉన్న గొర్రెల రక్తం. వీళ్లు ఫోన్ చేసి, "మేకల వైరస్ వచ్చింది, ట్యూబులు తారుమారు చేశారా" అని అడిగారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మేడి-విస్నా, మేకల ఆర్థరైటిస్ వైరస్ దగ్గరి చుట్టాలు, గొర్రె నుంచి మేకకీ మేక నుంచి గొర్రెకీ పాకుతాయి. అందుకే ఇప్పుడు రెంటినీ కలిపి చిన్న జీవాల లెంటీవైరస్‌లు అని ఏ (మేడి-విస్నా రకం), బీ (మేకల వైరస్ రకం) లాంటి జినోటైప్‌లుగా, అంటే జన్యు రకాలుగా చూస్తారు. గొర్రెలో బీ రావడం వింతేం కాదు. పైగా సబ్‌టైప్ (జినోటైప్‌లో ఉపరకం) కూడా రాశారు, అదీ 200 అక్షరాల ముక్క మీద. గ్యాగ్-పోల్ అనే జన్యువుల భాగంలో 1.8 కిలోబేస్‌ల (1,800 అక్షరాల) ముక్కని పోల్చి, తేడా 25 నుంచి 37 శాతం ఉంటే వేరే జినోటైప్, 15 నుంచి 27 ఉంటే సబ్‌టైప్ అని వాడుకలో ఉన్న లెక్క. 200 అక్షరాలతో అంత దూరం వెళ్లకూడదు.

బాగా నచ్చింది, అడక్కుండానే క్రొమాటోగ్రామ్ ఫైళ్లు (మెషిన్ చదివిన ఒక్కో అక్షరానికి లేచే పీకుల గ్రాఫ్‌లు) పంపడం. తెరిచి చూస్తే ఒకచోట సీ, టీ రెండు పీకులు సమానంగా లేచి ఉన్నాయి, కింద మాత్రం టీ అని ఒకటే అక్షరం. ఈ రకం వైరస్‌లు కాపీ చేసుకునేటప్పుడు తప్పులు దిద్దుకోవు, ఒక గొర్రెలోనే రకరకాల కాపీలు తిరుగుతుంటాయి, అక్కడ వై (సీ గానీ టీ గానీ అని గుర్తు) అని రాయాల్సింది.

మూడో విడత కూడా వీళ్లకే పంపుతున్నా. ఫారంలో ఏ ముక్క చదవాలో నేనే రాశాను, టైపింగ్ గడి కొట్టేశాను, వైరస్‌ల చుట్టరికం చూపే ట్రీ నేనే గీసుకుంటా.