సౌండ్ రావట్లేదు: డ్రైవర్ మళ్ళీ వేయాలా, లైనక్స్ పెన్‌డ్రైవ్ పెట్టాలా, యూఎస్‌బీ సౌండ్ కార్డు కొనాలా?

కంప్యూటర్లో సౌండ్ పోతే చాలామంది ముందు చేసేది డ్రైవర్ (సౌండ్ చిప్పుని విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్ళీ వేయడం. గంట పోతుంది, తేలేది తక్కువ. వేశాక కూడా సౌండ్ రాలేదనుకోండి, చిప్పు పోయిందా, జాక్ లూజా, సెట్టింగ్ తప్పా అన్న అనుమానం అలాగే ఉంటుంది. వచ్చినా, దేనివల్ల వచ్చిందో చెప్పలేం.

ఏ పద్ధతి ఎంచుకున్నా ముందు రెండు చూడండి. ఒకటి, అవే స్పీకర్లను ఫోన్‌కో టీవీకో తగిలించి వినండి. రెండు, టాస్క్‌బార్లో స్పీకర్ బొమ్మ నొక్కి సౌండ్ ఎటు పోతోందో చూడండి. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో మానిటర్ తగిలించాక విండోస్ ఒక్కోసారి సౌండ్‌ని అటే పంపేస్తుంది. ఆ మానిటర్‌కి స్పీకర్లు లేకపోతే ఏమీ వినబడదు. పాత సౌండ్ ప్యానెల్లోని (కంట్రోల్ ప్యానెల్లో ‘సౌండ్’) ప్లేబ్యాక్ ట్యాబ్‌లో, పాట నడుస్తుండగా సరైన పరికరం పక్కన ఆకుపచ్చ గీతలు ఎగిరిపడుతున్నాయంటే విండోస్ సౌండ్ పంపుతున్నట్టే. తేడా ఆ తర్వాత ఎక్కడో ఉంది.

ఇక అసలు పోటీ లైనక్స్ పెన్‌డ్రైవ్‌కీ యూఎస్‌బీ సౌండ్ కార్డుకీ మధ్యే.

లైనక్స్ అంటే విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్. లైనక్స్ పెన్‌డ్రైవ్‌కి పైసా ఖర్చు లేదు. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఉబుంటునో మింట్‌నో (రెండూ లైనక్స్ రకాలే) రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపిస్తే చాలు (ఉబుంటులో ‘ట్రై’ అన్నది ఎంచుకోవాలి). హార్డ్‌డిస్క్ జోలికి పోనక్కర్లేదు. అక్కడ సౌండ్ వచ్చిందంటే చిప్పు, జాక్, వైరు అన్నీ బాగున్నట్టే, తప్పు విండోస్‌దే. ఇంత సూటిగా తేల్చే పరీక్ష ఇంకోటి లేదు. అయితే అక్కడ సౌండ్ రాలేదని వెంటనే చిప్పు మీద తీర్పు చెప్పేయకూడదు. విండోస్‌ని రీస్టార్ట్ చేసి నేరుగా లైనక్స్‌లోకి వస్తే, విండోస్ డ్రైవర్ వదిలేసిన స్థితిలోనే చిప్పు ఇరుక్కుపోయి మూగగా ఉండొచ్చు. పూర్తిగా షట్‌డౌన్ చేసి, పవర్ కార్డు పీకేసి, అర నిమిషం పవర్ బటన్ నొక్కి పట్టుకుని, అప్పుడు బూట్ చేయండి. అల్సామిక్సర్‌లో (లైనక్స్ టెర్మినల్లో తెరుచుకునే వాల్యూమ్ పట్టిక) ఏదైనా గడి కింద ‘ఎంఎం’ అని ఉంటే అది మ్యూట్‌లో ఉంది. ఎం కీ నొక్కితే తెరుచుకుంటుంది. ఆటో మ్యూట్‌ని (హెడ్‌ఫోన్స్ పెట్టగానే స్పీకర్లు ఆపేసే సెట్టింగ్) కూడా ఆపి చూడండి. అవుట్‌పుట్ జాబితాలో ‘డమ్మీ అవుట్‌పుట్’ తప్ప ఏమీ లేదంటే సిస్టమ్‌కి సౌండ్ కార్డే కనబడలేదు. బయోస్‌లో (విండోస్ మొదలవకముందే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగులు) హెచ్‌డీ ఆడియో కంట్రోలర్ ఎనేబుల్‌లో ఉండి కూడా ఇదే వస్తే అప్పుడు చిప్పుని అనుమానించొచ్చు. మరీ కొత్త ల్యాప్‌టాప్‌లకు మాత్రం పాత లైనక్స్ ఐఎస్ఓ (పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ఫైల్) వాడకండి, దాంట్లో ఆ మోడల్‌కి సపోర్టే ఉండకపోవచ్చు. ఇంకోటి: బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) ఉన్న మెషీన్లో బయోస్ సెట్టింగులు మారిస్తే రికవరీ కీ అడగొచ్చు. ముందే రాసి పెట్టుకోండి.

యూఎస్‌బీ సౌండ్ కార్డు రెండు మూడొందలకే దొరుకుతుంది, మామూలువాటికి విడిగా డ్రైవర్ అక్కర్లేదు. దాంట్లోంచి సౌండ్ వస్తే విండోస్ ఆడియో సర్వీసులు, స్పీకర్లు బాగున్నాయని తేలుతుంది. కానీ బోర్డు మీది చిప్పు పోయిందా, దాని డ్రైవర్ చెడిందా అన్నది తేలదు. పెన్‌డ్రైవ్ కంటే ఇది వెనకబడేది ఇక్కడే. చిటపట శబ్దం విషయంలో మాత్రం ఇదే మేలు. మౌస్ కదిపినప్పుడల్లా జుయ్యిమంటూ, యూఎస్‌బీ కార్డు పెట్టగానే ఆగిపోతే, బోర్డు అనలాగ్ లైన్లోకి నాయిస్ దూరుతోందన్నమాట. చిటపట అందులోనూ వస్తే సౌండ్ కార్డుని వదిలేసి వైఫై, గ్రాఫిక్స్ డ్రైవర్లు చూడండి. సన్నగా హమ్ వస్తూనే ఉంటే ఎర్తింగ్ చూడాలి. యూఎస్‌బీ కార్డు గ్రౌండ్‌ని వేరుచేయదు కాబట్టి దాన్ని పెట్టినా ఇది పోదు.

అలాగని డ్రైవర్ పనికిరాదని కాదు. అప్‌డేట్ అయిన మర్నాడే సౌండ్ పోతే అక్కడే మొదలుపెట్టండి, కానీ డౌన్‌లోడ్ల జోలికి పోకుండా. డివైస్ మేనేజర్‌లో రియల్‌టెక్ (సౌండ్ చిప్పు కంపెనీ పేరు) మీద రైట్ క్లిక్ చేసి, అప్‌డేట్ డ్రైవర్‌లో జాబితా నుంచి ఎంచుకునే దారిలో వెళ్ళి, మైక్రోసాఫ్ట్ వాడి ‘హై డెఫినిషన్ ఆడియో డివైస్’ పెట్టండి. రెండు నిమిషాల పని, పాతదానికి తిరిగి వెళ్ళడమూ అంతే తేలిక.

క్యాబినెట్ ముందు జాక్ మాత్రమే పనిచేయక, వెనక ఆకుపచ్చ జాక్ పనిచేస్తుంటే ఈ మూడూ అనవసరం. మదర్‌బోర్డు అంచున ‘హెచ్‌డీ ఆడియో’ లాంటి పేరు రాసున్న 9 పిన్నుల హెడర్ (ముందు జాక్ వైరు గుచ్చే చోటు; పది చోట్లలో ఒకటి ఖాళీగా ఉంటుంది) దగ్గర వైరు ఊడిందేమో చూడండి. ఒక చెవిలోనే వస్తుంటే ప్లగ్‌ని మెల్లగా తిప్పండి. ఒక కోణంలో రెండో చెవి పలికితే జాక్‌లో కాంటాక్ట్ అరిగింది.

చిప్పే పోయిందని తేలితే డెస్క్‌టాప్‌లో 48 కాళ్ళ చిప్పుని హాట్ ఎయిర్‌తో మార్పించడం దండగ. యూఎస్‌బీ కార్డు చాలు, 5.1 (ఆరు స్పీకర్ల) సెట్ ఉంటే మదర్‌బోర్డులో గుచ్చే పీసీఐ ఎక్స్‌ప్రెస్ సౌండ్ కార్డు. ల్యాప్‌టాప్ సంగతి వేరు: యూఎస్‌బీ కార్డు లోపలి స్పీకర్లను పలికించలేదు, హెడ్‌ఫోన్సో బయటి స్పీకర్లో తగిలించుకోవాల్సిందే.