పన్నెండేళ్ల పిల్లలకు ఒకే ఈవెంటా, అన్నీనా: ఏది మేలు?

కొత్తగా విజిల్ మెడలో వేసుకున్న అథ్లెటిక్స్ కోచ్‌కి మొదటి వారంలోనే ఎవరో ఒకరు కళ్లబడతారు. అందరికంటే నాలుగు అడుగులు ముందుగా గీత దాటేస్తారు. ఇక ఆ బిడ్డతో వంద మీటర్లే చేయించాలనిపిస్తుంది. నేనూ అదే చేశాను.

ఆ దారిలో లాభం లేదనను. రోజూ స్టార్టులు, ముప్పై మీటర్ల పరుగులు పెట్టిస్తే టైమింగ్ త్వరగా తగ్గుతుంది. మండల పోటీల్లో పతకం వస్తుంది, హెడ్మాస్టరు భుజం తడతారు. కానీ నేను తయారు చేశాననుకున్న కుర్రాడు నాలుగో నెలలో మునివేళ్ల మీద నడుస్తూ వచ్చాడు. మడమ నేలకు ఆనడం లేదు. ఎదిగే వయసులో మడమ ఎముక వెనుక భాగం ఇంకా గట్టిపడి ఉండదు. పిక్క కండరం రోజూ దాన్నే లాగుతుంటే నొప్పి పుడుతుంది. కొన్ని వారాలు పరుగు మానమన్నారు డాక్టరు.

అప్పటినుంచి వారానికి మూడు రోజులు, ప్రతిరోజూ ఒక పరుగు, ఒక దూకే అంశం, ఒక విసిరే అంశం. హర్డిల్స్ లేకపోతే ఇటుకల మీద వెదురు బద్దలు చాలు, కాలు తగిలితే పడిపోయేలా పెట్టాలి. ఒక పాప బద్దకీ బద్దకీ మధ్య నాలుగు అడుగులు వేసేది. మూడే వేయాలని సరిదిద్దబోయి ఆగాను. నాలుగు వేస్తే ఒకసారి కుడికాలు, మరోసారి ఎడమకాలు ముందు దాటతాయి. ఆ వయసుకు అంతకంటే మంచి సాధన ఏముంటుంది?

ఇందులోనూ ఇబ్బందులున్నాయి. నలభై మందికి ఒక్క కోచ్ ఉన్నచోట గ్రౌండును మూలలుగా పంచుకోవాలి, గుండు పడే వైపు ఇంకో జట్టు తిరగకుండా చూసుకోవాలి. మొదటి ఏడాది మన పిల్లలు నాలుగో స్థానమో, ఐదో స్థానమో తెస్తారు. తల్లిదండ్రుల మొహాలు చూడలేం. అండర్-14 జాతీయ పోటీల్లోనే మూడు అంశాలు కలిపిన ట్రయాథ్లాన్ పెట్టారని వాళ్లకు చెబుతాను. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన తెలంగాణ అమ్మాయి అగసర నందిని కాంస్యం గెలిచింది ఏడు అంశాల హెప్టాథ్లాన్‌లో, 5,712 పాయింట్లతో. ఒక్క పతకంతో వాదన నెగ్గదని నాకూ తెలుసు, కానీ ఆ పేరు వినగానే ఇంటివాళ్లు కాస్త మెత్తబడతారు.

నా ఓటు అన్నీ ఆడించడానికే, పద్నాలుగు నిండేదాకా. ఆ తరువాత కూడా ఒక్కసారిగా ఒకే అంశానికి దిగను. స్ప్రింట్, హర్డిల్స్, లాంగ్‌జంప్ కలిపి ఒక గుంపు, విసిరేవన్నీ ఇంకో గుంపు. పదహారేళ్లవాడు రాష్ట్ర జట్టు ఎంపిక ముంగిట నిలబడితే మాత్రం లెక్క వేరు. వాడికి ఆ ఒక్క ఈవెంటే.

మడమ నొప్పి కుర్రాడు ఆ విశ్రాంతి వారాల్లో కూడా గ్రౌండుకు రావడం మానలేదు. కూర్చుని బంతి విసిరే మూలకు పంపాను. మూడో రోజుకే వాడి బంతి సున్నపు గీత దాటి వేపచెట్టు దగ్గర పడింది.